చప్పుడు అలవాటవుతుందా? ప్రయోగశాల ఎలుకల సాక్ష్యం

ఏ మరమగ్గాల కొట్టంలోనైనా పనివారిని "ఇంత చప్పుడులో ఎట్లా ఉంటారయ్యా?" అని అడిగి చూడండి. "అలవాటైపోయిందండీ" అనే జవాబు వస్తుంది. అది కూడ ఒకటికి రెండుమార్లు గట్టిగా అడిగిన తరువాతనే వస్తుంది.

మన రాయచూరు జిల్లా వారికి ఈ మాట కొత్తది కాదు. ఇక్కడి తెలుగు నేత కుటుంబాలలో ఇంట మగ్గమున్నవారు కొందరు. మగ్గం విడిచి షోలాపురం, భివండి మరమగ్గాలకు పోయి వచ్చినవారు మరికొందరు. పత్తి జిన్నింగు మిల్లులకు, బియ్యపు మిల్లులకు కూలికి పోయేవారు, హట్టి బంగారు గనిలోను శక్తినగరం విద్యుత్ కేంద్రంలోను పని చూచుకొన్నవారు మన ఇరుగుపొరుగులోనే ఉన్నారు. పనులు వేరైనా అందరి నోట ఒకటే మాట: అలవాటైపోయింది.

ఈ అలవాటు అనే మాటను ఈ వ్యాసంలో పరీక్షకు పెట్టదలచినాము. సాక్షులుగా మొదట మనుషులను గాక ఎలుకలను, కోతులను పిలుస్తున్నాము. మనిషి మొహమాటానికో, కూలి పోతుందన్న భయానికో, తన శరీరం సంగతి తనకే తెలియకనో "నాకేమీ లేదు" అంటాడు. ఎలుక అట్లా అనలేదు. దాని నెత్తురు తీసి చూస్తే ఉన్నదున్నట్లు బయటపడుతుంది.

చప్పుడుకు కొలత

చప్పుడును డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఇది గజం, శేరు వంటి కొలత కాదని ముందుగా తెలిసికోవాలి. పది గజాలకు పది గజాలు కలిపితే రెట్టింపు గుడ్డ. డెసిబెళ్లలో 3 పెరిగితేనే చప్పుడులోని శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే పదిరెట్లవుతుంది. ఒక మరమగ్గం పక్కన అటువంటిదే ఇంకొకటి ఆడితే 3 డెసిబెళ్లు పెరుగుతాయి. ఒక మగ్గమున్నచోట పది మగ్గాలైతే 10 పెరుగుతాయి. కాబట్టి 90కి, 100కి తేడా కొద్దిపాటిదే గదా అనుకోరాదు.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి మామూలుగా మాట్లాడుకొనే మాట సుమారు 60 డెసిబెళ్లు. నాడెతో నడిచే మరమగ్గాల కొట్టాలలో 90 నుండి 100, ఒక్కొక్కచోట అంతకు మించి కూడ ఉంటుంది. చేతిచాపు దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచనిదే మాట్లాడలేకపోతున్నామంటే అక్కడ చప్పుడు 85 దరిదాపులకు చేరినదని గుర్తు.

చప్పుడుకు జడిసిన శాస్త్రజ్ఞుడు

ప్రయోగశాలలలో చప్పుడు మొదట పరిశోధనకు విషయంగా రాలేదు, పనికి అడ్డంగా వచ్చింది. కుక్కలపై చేసిన ప్రయోగాలకు ప్రపంచ ప్రసిద్ధుడైన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, వీధిలో బండి చప్పుడైనా, పక్కగదిలో అడుగుల చప్పుడైనా తన కుక్కల నడవడి మారిపోవడం గమనించినాడు. గంట వినగానే నోరూరవలసిన కుక్క, బయటి చప్పుడుకు చెవులు రిక్కించి ఊరకుండిపోయేది. అందుచేత 1910 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గులో దళసరి గోడలతో, చప్పుడు లోనికి చొరకుండ ప్రత్యేకంగా ఒక కట్టడం కట్టించినారు. దానికి "మౌన గోపురం" అని పేరు వచ్చింది. ఒక కుక్క నోట ఊరే లాలాజలం లెక్క తప్పకూడదని అంత ఖర్చు పెట్టినారని మన పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ సంగతితో ముందు మనకు పని ఉన్నది.

ఎలుక నెత్తురు చెప్పిన మాట

1936లో మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే వైద్యుడు ఒక చిన్న లేఖను ప్రకటించినాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, శక్తికి మించి పరుగెత్తించినా, మందులతో బాధపెట్టినా వాటి శరీరంలో మార్పులు ఒకే తీరుగా కనిపించినవని ఆయన చెప్పినాడు. మూత్రపిండాలపై నుండే ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి. రోగాల నెదుర్కొనే శక్తికి సంబంధించిన థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది. కడుపులో పుండ్లు పడినవి. దెబ్బ ఏదైనా శరీరపు జవాబు ఒకటే అన్నమాట. ఈ జవాబునే తరువాత "స్ట్రెస్" అన్నారు. మనం ఒత్తిడి అంటున్నాము.

సెల్యే ఆ లేఖలో చెప్పినవాటిలో చప్పుడు లేదు. తరువాతి పరిశోధకులు దానిని కూడ చేర్చి చూచినారు. పెద్ద చప్పుడు చెవిన పడగానే మెదడు అపాయమని తలచి పీయూష గ్రంథికి కబురంపుతుంది. అది ఎడ్రినల్ గ్రంథులను మేలుకొలుపుతుంది. అవి ఒక హార్మోనును నెత్తురులోనికి వదలుతాయి. ఎలుకలో దాని పేరు కార్టికోస్టెరోన్, మనిషిలో కార్టిసాల్. గుండె వేగం, రక్తపు పోటు పెరుగుతాయి. పులి ఎదురైనప్పుడు పరుగెత్తడానికి ఏర్పడిన ఏర్పాటు ఇది. పులి పోయిన తరువాత కూడ ఆగకుండ సాగితేనే చిక్కు. ఎలుకలలో చప్పుడు సుమారు 80, 85 డెసిబెళ్లు దాటిన చోటినుండి ఈ హార్మోను స్పష్టంగా పెరగడం కనబడినది. మన కొట్టాల చప్పుడు అంతకు పైనే ఉన్నది.

చప్పుడు ఎక్కువైనచోట ఎలుకలలో నిద్ర చెడడం, కాన్పులో పిల్లల సంఖ్య తగ్గడం, తల్లి పిల్లలను సరిగా సాకకపోవడం కూడ గమనించినారు. జంతుశాల పక్కన కట్టడపు పనులు సాగినప్పుడు ఇటువంటి నష్టాలు బయటపడినవి. కొన్ని జాతుల చిట్టెలుకలైతే చిన్నవయసులో గట్టి గంట మోత వినగానే మూర్ఛ వచ్చి పడిపోతాయి.

ఇంకొక విశేషం. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఎలుక చెవి సుమారు 80,000 వరకు వినగలదు. నీటి కుళాయి సన్నగా చీదినా, తోపుడుబండి చక్రం కిర్రుమన్నా, విద్యుత్ యంత్రం పనిచేసినా మనకు వినబడని మోత ఎలుకకు వినబడవచ్చును. గది నిశ్శబ్దంగా ఉన్నదని కాపలావాడు అనుకొంటాడు. బోనులోని ఎలుక అట్లా అనుకోదు. ఒకరి చెవితో ఇంకొకరి బాధను కొలవరాదనే నీతి ఇందులో ఉన్నది.

మరి అలవాటు సంగతి?

పాఠకులు న్యాయంగా ఒక ప్రశ్న వేయవచ్చును. మొదటి రోజు భయపడిన ఎలుక పదోరోజుకు కూడ భయపడుతుందా? ఇందులో నిజం దాచరాదు. ఒకే చప్పుడును, ఒకే సమయంలో, ఒకే మోతాదుగా రోజూ వినిపిస్తే ఎలుక నెత్తురులో ఆ హార్మోను పెరుగుదల క్రమంగా తగ్గుతుంది. అలవాటు అనేది ఉత్తమాట కాదు. "అలవాటైంది" అనే మన సోదరుడు అబద్ధమాడడం లేదు.

కాని అది సగం మాటయే. మిగిలిన సగం కోతులు చెప్పినవి. 1981లో అమెరికాలోని మయామీ పరిశోధకులు, పీటర్సన్ అనే ఆయన ముఖ్యుడుగా, ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించినారు. రీసస్ కోతులకు, పనివాని దినచర్యలో చెవిన పడే చప్పుళ్ల మాదిరి చప్పుళ్లను తొమ్మిది నెలలు వినిపించినారు. వాటి రక్తపు పోటు నాలుగో వంతుకు పైగా పెరిగినది. చప్పుడు ఆపిన తరువాత కూడ వెంటనే దిగిరాలేదు. వాటి చెవులను పరీక్షిస్తే వినికిడిలో చెప్పుకోదగిన లోపం కనబడలేదు. అనగా చెవి బాగుండగానే గుండెపైన భారం పడినదన్నమాట.

ఆ ప్రయోగంలోని కోతులు బహు కొద్ది. అన్ని ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా లేవు. కోతికి జరిగినదెల్ల మనిషికి జరిగి తీరుతుందని కూడ అనరాదు. కాని మనుషుల విషయంలో పోగైన సాక్ష్యాలను చూచి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరపు శాఖ 2018లో ఒక సలహా ప్రకటించినది. వీధి వాహనాల చప్పుడు దినమంతటి సగటున 53 డెసిబెళ్లకు లోబడి ఉండవలెనని, దాటితే ఆరోగ్యానికి హాని అని చెప్పినది. కాబట్టి మనసు అలవాటు పడినంత మాత్రాన శరీరమంతా అలవాటు పడినదని లెక్క కట్టరాదు. ఇదే మేము చెప్పదలచిన ముఖ్యాంశం.

హైదరాబాదు ఎలుక, మన నేతగాడు

ఇదంతా దూరదేశపు మాట అనుకోనక్కరలేదు. 1956 వరకు మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఆ హైదరాబాదుకు 1958లో కూనూరు నుండి పోషకాహార పరిశోధనశాల తరలివచ్చి తార్నాకలో నిలిచింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరైనది. ప్రయోగశాల జంతువుల విభాగం 1976లో బొంబాయి నుండి అక్కడికే వచ్చినది. అక్కడ పెంచిన ఎలుకలు దేశంలోని ఎన్నో పరిశోధనాలయాలకు పోయినవి.

ఇటువంటి జంతుశాలలను పర్యవేక్షించే ప్రభుత్వ సంఘం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం కింద ఏర్పడినది. ఆ చట్టానికి దారితీసిన బిల్లును రాజ్యసభలో ప్రతిపాదించినవారు నాట్యకళాకారిణి శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. ఆ సంఘం మార్గదర్శక సూత్రాలలో చప్పుడును గురించి ప్రత్యేకంగా వ్రాసినారు. ఎలుకల గదిలో చప్పుడు 85 డెసిబెళ్లకు లోబడి ఉండుట మంచిదన్నారు. రేకు గోడల కంటె కాంక్రీటు గోడలు మేలన్నారు. అరిచే కుక్కలను, కోతులను ఎలుకలకు, కుందేళ్లకు దూరంగా ఉంచవలెనన్నారు.

ఇక మనిషి సంగతి చూతము. 1948 నాటి కర్మాగారాల చట్టం కింద వచ్చిన నమూనా నియమాలలో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు పరిమితిగా పెట్టినారు. 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండే గంటలు. ఎలుకకు 85, మనిషికి 90. ఈ రెండు అంకెలను ఏర్పరచిన ఉద్దేశాలు వేరు గనుక త్రాసులో సరిగ్గా తూచరాదు. అయినా ఒక తేడా దాగదు. ఎలుక గదికి ఆ అంకెను పాటించేవారున్నారు, తనిఖీ చేసేవారున్నారు. ఇంటి వెనుక రేకుల కొట్టంలో ఆడే నాలుగు మగ్గాలను కొలిచేవారెవరు? 100 డెసిబెళ్లలో రెండు గంటల పరిమితి ఉన్నచోట పది, పన్నెండు గంటలు నిలబడేవాని లెక్క వ్రాసేవారెవరు?

ఎలుకను చప్పుడునుండి కాపాడుతున్నది దయచేత మాత్రమే కాదు. చప్పుడుకు బెదిరిన ఎలుకపై చేసిన ప్రయోగం చెడిపోతుందని. పావ్లోవ్ దళసరి గోడలు కట్టించినదీ అందుకే. అయితే చప్పుడుకు అలసిన నేతగాని పని మాత్రం చెడిపోదా?

నేతగాండ్రపై చేసిన పరీక్షలు

చెడిపోతుందని చెప్పుటకు సాక్ష్యమున్నది. 1930 దశకంలో ఇంగ్లండులో వెస్టన్, ఆడమ్స్ అనువారు నేతమిల్లు పనివారికి చెవిబిరడాలిచ్చి, ఒక వారం పెట్టుకొని, ఒక వారం పెట్టుకోక పనిచేయించి గుడ్డ లెక్క చూచినారు. మరమగ్గంలో వేగం యంత్రానిదే. మనిషి చేతిలో ఉన్నది తెగిన పోగును ముడివేయుట, కండె మార్చుట, ఆగిన మగ్గాన్ని నడపుట. ఆ మనిషి పాలు పని చెవిబిరడాలున్న వారాలలో మెరుగైనది. లాభం పెద్దది కాకపోవచ్చును, కాని బిరడా ఖరీదు కంటె ఎక్కువే.

1965లో స్కాట్లండులోని డండీ జనపనార మిల్లులలో నేతపని చేసిన స్త్రీల చెవులను పరీక్షించి ఫలితాలు ప్రకటించినారు. అక్కడి మగ్గాల చప్పుడు సుమారు 100 డెసిబెళ్లు, దశాబ్దాలుగా మారనిది. ఏండ్లు గడచినకొద్దీ వినికిడి తగ్గినట్లు, ఆ తగ్గుదలలో పెద్ద భాగం మొదటి పది పదిహేనేండ్లలోనే జరిగినట్లు తేలినది. అనగా "అలవాటవుతున్నది" అని మనమనుకొనే కాలమే చెవి పోయే కాలము. చప్పుడు తగ్గినట్లు తోచుట ఒక్కొక్కప్పుడు వినే శక్తి తగ్గుటయే.

ఈ చెవుడు మెల్లగా వస్తుంది. మొదట సన్నని స్వరాలు పోతాయి. స, శ, చ వంటి అక్షరాలు తేలవు. మాట వినబడుతుంది గాని అర్థం కాదు. పని దిగిన తరువాత చెవిలో గుయ్యిమనుట తొలి హెచ్చరిక. లోపలిచెవిలోని సూక్ష్మ కణాలు చనిపోతే పక్షులలో మళ్లీ పుడతాయి గాని, ఎలుకలో పుట్టవు, మనిషిలోనూ పుట్టవు. ఈ నష్టానికి మందు లేదు.

ఎవరి చేతిలో మీట

చేనేత మగ్గానికి మాత్రం చప్పుడు లేదా అని అడుగవచ్చును. ఉన్నది, కాని దాని మోతాదు తక్కువ. పైగా అది నేతగాని చేతిలోనిది. కాలు తీస్తే ఆగుతుంది. అంతేకాదు, మన పెద్దలు ఆ చప్పుడుతోనే పని తెలిసికొనేవారు. నాడె పరుగులో తేడా వస్తే పోగు తెగిన సంగతి కంటికంటె ముందు చెవికి తెలిసేది.

ఈ తేడా చిన్నది కాదు. 1972లో గ్లాస్, సింగర్ అనే అమెరికా పరిశోధకులు తమ ప్రయోగాలను గ్రంథంగా ప్రకటించినారు. అందులో కొందరికి ఒకే చప్పుడు వినిపించి, సగంమందికి మాత్రం "కావలెనంటే ఈ మీట నొక్కి ఆపవచ్చు" నన్నారు. చాలామంది మీట నొక్కనే లేదు. అయినా తరువాత ఇచ్చిన పనిలో మీట ఉన్నవారే ఓపికగా, తప్పులు తక్కువగా చేసినారు. ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడు, ఆపే వీలులేని చప్పుడు ఎక్కువ అలసటను మిగిల్చినది.

పక్కింటి కొట్టంలో రాత్రి పదకొండు గంటలకు మగ్గాలు ఆడుతుంటే, గోడకు ఇవతల ఊయలలో పడుకొన్న పసిబిడ్డ చేతిలో మీట లేదు. పరీక్షకు చదువుకొనే పిల్లవాని చేతిలో లేదు. మగ్గం యజమాని చేతిలో ఉన్నది. ఆ యజమాని కూడ అనేకచోట్ల మనవాడే.

మనం చేయదగినవి

పెద్ద ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నవి. మగ్గపు చప్పుడులో ఎక్కువ పాలు పికింగ్ కర్ర నాడెను కొట్టుటవల్ల, నాడె పెట్టెలో ఢీకొనుటవల్ల పుడుతుంది. అరిగిన పికరును, బఫరును వెంటనే మార్చాలి. వదులైన బోల్టులు బిగించాలి. పళ్లచక్రాలకు నూనె వేయాలి. మగ్గం కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు పెడితే అదురు పక్కింటికి పాకుట తగ్గుతుంది. రేకుల కప్పు, నున్నని గోడలు మోతను తిరగగొడతాయి. గోనెపట్టాలు వేలాడదీస్తే లోపలి మోత కొంత తగ్గుతుంది గాని, వాటిపై దూదిపీచు పేరుకొని నిప్పు అంటుకొనే భయమున్నది. కాబట్టి పట్టాలు వేసేవారు తరచు దులపాలి, విద్యుత్ తీగలకు దూరంగా ఉంచాలి.

చెవిలో దూది పెట్టుకొనే అలవాటు మనవారిలో ఉన్నది. దూది చప్పుడును ఆపదు, ఆపినట్లు భ్రమ కలిగిస్తుంది. మందుల షాపులో దొరికే మెత్తని నురుగు బిరడాలు మేలు. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, రెండవచేతితో చెవిని పైకి, వెనుకకు లాగి, లోనికి చొప్పించి, ఉబ్బేవరకు పట్టి ఉంచాలి. పైపైన అంటిస్తే దూదికి, దానికి తేడా ఉండదు.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది నుండి ఉదయం ఆరు వరకు. ఇండ్ల నడుమ మరమగ్గాలు నడిపే సభ్యులు ఆ ఎనిమిది గంటలు మగ్గాలు ఆపితే చట్టానికీ, ఇరుగుపొరుగుకూ మర్యాద దక్కుతుంది. దానివల్ల గుడ్డ కొంత తగ్గుననుట నిజమే. ఆ నష్టాన్ని ఎట్లా పంచుకోవలెనో సంఘంలో కూర్చుండి తేల్చుకోవలసినది సభ్యులే.

చివరిది అన్నిటికంటె ముఖ్యమైనది. చప్పుడువల్ల వచ్చిన వినికిడి లోపాన్ని మన దేశపు పరిహార చట్టం వృత్తివ్యాధిగా గుర్తించినది. కాని పనిలో చేరిన నాడు చెవి ఎట్లా ఉన్నదో కాగితం లేకపోతే, పాతికేండ్ల తరువాత "ఇది ముసలితనపు చెవుడు" అంటే ఏమి చూపగలము? వినికిడి పరీక్షకు పట్టేది కొద్దిసేపే. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి వైద్యులున్నారు. మన రాష్ట్రంలోనే మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. మరమగ్గాల పనికి చేరే ప్రతి పిల్లవాని చెవి పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని పాసుపుస్తకం వలె భద్రపరచి, ఏటేటా మళ్లీ పరీక్షించే ఏర్పాటును వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలెనని మా విన్నపము.

ప్రయోగశాలలో ఎలుక బాగోగులకు ఒక చిట్టా ఉంటుంది. ఎప్పుడు పుట్టినదో, ఎంత బరువున్నదో, ఏ గదిలో ఉన్నదో అందులో వ్రాసి ఉంటుంది. నేతగాని చెవికి అటువంటి ఒక్క కాగితమైనా ఉండవలెనని కోరుట అత్యాశ కాదని తలుస్తున్నాము.